పూజ తర్వాత ప్రేమ విందు: పంక్తి చివరి మనిషి దగ్గర మొదలుపెట్టండి

మీరు రాసినదాని సారాంశం ఇది. మీ విచారణలో, అంటే మీ కతోలిక గుడి పరిధిలో, సుమారు 120 కుటుంబాలు ఉన్నాయి. నెలకోసారి ఆదివారం పూజ (దివ్యబలిపూజ) అయ్యాక ప్రేమ విందు, అంటే అందరూ కలిసి తినే భోజనం, పెట్టుకుందామని మొదలుపెట్టారు. మొదటిసారి బిర్యానీ, జనం కిక్కిరిశారు. రెండోసారి దాత దొరికారు, మూడోసారి దాత కోసం తిరగాల్సి వచ్చింది, నాలుగోసారి ఆగిపోయింది. వచ్చినవాళ్లు కూడా ఎవరి పేటవాళ్లతో వాళ్లు కూర్చుని, తిని, వెళ్లిపోయారు. "కలిసి తింటే విశ్వాసం బలపడుతుందని విన్నాను. మా దగ్గర ఆ ఛాయే లేదు. లోపం వంటలోనా, మాలోనా, నాలోనా?" అని అడిగారు.

లోపం మీ విశ్వాసంలో లేదు. చాలావరకు ఏర్పాటులో ఉంది. ఈ లోపం మీతో మొదలైందీ కాదు. పునీత పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయం తీయండి. ప్రభువు భోజనానికని కూడినవాళ్లలో ఒకరు ఆకలితో ఉంటే ఇంకొకరు తాగి మత్తులో ఉన్నారు. ఏమీ లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారా అని ఆయన నిలదీశాడు. ఆ మందలింపు చివర, 33వ వచనంలో, ఆయన చెప్పిన పరిష్కారం చాలా చిన్నది: భోజనానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండి. పూజలో అప్పంగా స్వీకరించే దివ్యసత్ప్రసాదాన్ని ప్రభువు స్థాపించిన మాటలు మనకు అందిన ఆ అధ్యాయమే వడ్డన క్రమం గురించి కూడా మాట్లాడుతోంది. అందుకే కింద పొంగలి కొలతలూ, పంక్తి క్రమమూ ఒకేచోట రాస్తున్నాను. రెండూ విశ్వాసానికి సంబంధించినవే.

ముందు బిర్యానీ మానండి. బిర్యానీ అంటే వంట మాస్టరు కావాలి, దాత కావాలి, దాత వస్తే ఫ్లెక్సీ వస్తుంది. రెండో నెల ముక్కలు తగ్గితే మాట పడుతుంది. సగంమంది పార్సిల్ కట్టించుకుని గేటు దాటుతారు. దానికి తోడు టైము కుదరదు: ఎనిమిది గంటల పూజ తొమ్మిదిన్నరకు అయిపోతే మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఎవరు ఉంటారు? ఇంటికి వెళ్లినవాళ్లలో తిరిగొచ్చేది బండి ఉన్నవాళ్లే. నడిచి వచ్చిన ముసలామె రాదు. కాబట్టి నెలనెలా పెట్టేది పూజ అయిన పావుగంటకే వడ్డించగలిగే టిఫిన్ కావాలి. అన్నింటిలో కట్టుపొంగలి మేలు. మాంసం లేదు కాబట్టి ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో కూడా అభ్యంతరం ఉండదు, పళ్లు లేనివాళ్లూ తినగలరు, ఎవరింటి బియ్యమైనా దానిలో ఒదిగిపోతుంది.

ఆ ఎవరింటి బియ్యం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. దాత కోసం వెతకడం మానేసి పిడికెడు బియ్యం పద్ధతి పెట్టండి. రోజూ అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, నెలాఖరు ఆదివారం కానుకల సమయంలో తెచ్చి పీఠం (బలిపీఠం) ముందు పెట్టడం. మిజోరం క్రైస్తవ స్త్రీలు బుహ్‌ఫాయి థామ్ అనే పేరుతో వందేళ్లకు పైగా ఇదే చేస్తున్నారు. లెక్క చూడండి: ఆడవాళ్ల పిడికిట్లో దాదాపు 40 గ్రాములు పడతాయి. 60 ఇళ్లు నెలంతా వేస్తే 72 కిలోలు. అందరూ రోజూ గుర్తుంచుకోరు, సగానికి సగం వచ్చినా 36 కిలోలు. విందుకు పది కిలోలు చాలు. మిగిలింది పేదలకు సాయంచేసే సెయింట్ విన్సెంట్ డి పాల్ సభ వాళ్ల చేతికిస్తే ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు చేరుతుంది. మీకు ఆ సభ లేకపోతే మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ) వాళ్లు చేయగలరు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, వచ్చిన బియ్యం ఒక రకం కాదు. పాత సోనా మసూరి ఉంటుంది, ఆ సంవత్సరం కొత్త బియ్యం ఉంటుంది, రేషన్ బియ్యం ఉంటుంది. అన్నీ కలిపి అన్నం వండితే కొత్త బియ్యం ముద్దయ్యేసరికి పాతది ఇంకా పలుకుగానే ఉంటుంది. పొంగలికైతే ఆ గొడవ లేదు, ఎలాగూ మెత్తగా ఉడకాలి కాబట్టి. రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలతాయి. అవి ప్లాస్టిక్ అని పారబోస్తుంటారు. అవి విటమిన్లు, ఐరన్ కలిపి చేసిన గింజలు, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. ఉంచేయండి. రేషన్ బియ్యాన్ని మాత్రం ఎవరికీ అమ్మడం, మార్పిడి చేయడం వద్దు, అది నేరం. రెండో చిక్కు పురుగు. నెలంతా దాచే డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలో, ఎండిన వేపాకులో వేయమని ముందే చెప్పండి. తడి చేత్తో బియ్యం వేయకూడదని కూడా.

పేదింటి డబ్బా, పెద్దింటి డబ్బా పీఠం ముందు ఒకే గోనెలోకి ఒంపాలి. ఎవరు ఎంత తెచ్చారో రాయకండి, మైకులో చదవకండి.

ఇప్పుడు 150 మందికి పొంగలి. బియ్యం 10 కిలోలు, పెసరపప్పు 3 కిలోలు. మొత్తం ఒకే గుండిగలో వేయకండి. అడుగున బరువు ఎక్కువై తెడ్డు తిరగదు, పైది ఉడికేలోపు కిందది మాడుతుంది. 50 లీటర్ల గుండిగలు రెండు తీసుకుని సగం సగం చేయండి. ఒక్కోదానిలో 5 కిలోల బియ్యం, దోరగా వేయించిన ఒకటిన్నర కిలోల పెసరపప్పు, 28 లీటర్ల నీళ్లు. నీళ్లు మరిగాకే బియ్యం, పప్పు వేయాలి. పొంగు వచ్చాక 25 నుంచి 30 నిమిషాలు, తెడ్డుతో అడుగు గీకుతూ ఉండాలి. తర్వాత మంట బాగా తగ్గించి మూతపెట్టి 15 నిమిషాలు. ఉప్పు రెండు గుండిగలకూ కలిపి 300 గ్రాములతో మొదలుపెట్టి రుచి చూసి పెంచండి. తాలింపుకు నెయ్యి కిలో, మిరియాలు 100 గ్రాములు (సగం కచ్చాపచ్చాగా దంచినవి, సగం గింజలు), జీలకర్ర 100 గ్రాములు, తరిగిన అల్లం 250 గ్రాములు, కరివేపాకు, ఇంగువ. జీడిపప్పు వేయకపోతే మేలు, వేస్తే మళ్లీ ఎవరి ఆకులో ఎన్ని పడ్డాయన్న లెక్క వస్తుంది.

పొంగలి దించిన అరగంటకే గట్టిపడుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి చన్నీళ్లు పోస్తారు, దాంతో రుచీ పోతుంది, వేడీ పోతుంది. పక్క పొయ్యి మీద పది లీటర్ల నీళ్లు మరుగుతూ ఉండాలి. వడ్డనకు ఐదు నిమిషాల ముందు అవి పోసి కలపాలి. అడుగంటిన వాసన వస్తే తెడ్డు పెట్టకండి. కదపకుండా పైనున్నదంతా వేరే గిన్నెలోకి తీసేస్తే వాసన పట్టదు. పల్లీ చట్నీకి వేరుశనగపప్పు రెండున్నర కిలోలు, పచ్చిమిర్చి 300 గ్రాములు, చింతపండు 150 గ్రాములు. కొబ్బరి చట్నీ వద్దు, ఎండాకాలం పూజ అయ్యేలోపే పులుస్తుంది. చింతపండు పడిన దేన్నీ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో ఉంచకండి. చిలుము దిగి వాంతులవుతాయి.

వంటవాళ్ల పూజ సంగతి చాలామంది మరిచిపోతారు. నెలనెలా అవే నలుగురు ఆడవాళ్లు వంటశాలలో ఉండిపోయి ఆదివారం పూజ పోగొట్టుకుంటే, మనం ప్రేమ విందు పేరుతో వాళ్లను పీఠానికి దూరం చేస్తున్నట్టే. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 1248వ సూత్రం ప్రకారం శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారం బాధ్యత తీరుతుంది. ఆ వారం వంటవాళ్లు ముందు సాయంత్రమే వెళ్లాలి. మీ దగ్గర శనివారం పూజ లేకపోతే పక్క విచారణలో చూసుకోవాలి. అదీ కుదరకపోతే ఉదయం ఐదున్నరకే మొదలుపెట్టి ఏడుకల్లా దించేసి, గ్యాస్ పూర్తిగా కట్టేసి పూజకు రావాలి. మూతపెట్టి చుట్టూ గోనెసంచులు కప్పితే పొంగలి తొమ్మిదిన్నర దాకా పొగలు కక్కుతూనే ఉంటుంది. మరిగే నీళ్లు పూజ అయ్యాక అప్పుడే పెట్టుకోండి. ఇంకొక చిన్న విషయం: సత్ప్రసాదం స్వీకరించడానికి ముందు గంటసేపు నీళ్లూ మందులూ తప్ప ఏమీ తీసుకోకూడదు (919వ సూత్రం). ఉప్పు చూసే మనిషి ఈ గంట లెక్క గుర్తుపెట్టుకోవాలి. పెద్ద వయసువాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఈ నియమం లేదు.

ఇక అసలు విషయం. మీరు "ఎవరి పేటవాళ్లతో వాళ్లు కూర్చున్నారు" అని మర్యాదగా రాశారు. కులం అని రాయలేదు. మన తెలుగు విచారణల్లో సహపంక్తి అంటే కులం మాటే, దాన్ని తప్పించుకుని ఎంత పొంగలి వండినా లాభం లేదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య దళిత సాధికారత విధానం విడుదల చేసి, కుల వివక్ష పాపమని తేటగా చెప్పింది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయనే, దళితుల్లో మొదటి కార్డినల్ కూడా ఆయనే. పైస్థాయిలో ఇంత జరిగినా, ఊళ్లో వంట ఎవరి చేతిదో చూసి "మాకు ఇంట్లో పనుంది ఫాదర్" అని వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

దీనికి బయటి వంటమనిషిని పిలవడం ఒక పరిష్కారంగా చెప్తారు. నేను ఒప్పుకోను. అది రోగాన్ని దుప్పటికింద దాచడం. అలాగే పేటకో నెల అని వంతులు వేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఏ నెల ఎవరి వంతో తెలిసిపోతుంది, దాన్నిబట్టి ఎవరు రావాలో ఎవరు రాకూడదో కూడా తేలిపోతుంది. చీటీలు తీయండి. ప్రతి కుటుంబం పేరూ ఒక చీటీ మీద రాసి, పూజ అయ్యాక అందరిముందు ఒక చిన్నపిల్ల చేత 12 చీటీలు తీయించండి. వంటకు నలుగురు, వడ్డనకు నలుగురు, నీళ్లకూ కడగడానికీ ఇద్దరు, వాకిట్లో ఇద్దరు. ఒకసారి వచ్చిన చీటీ మళ్లీ డబ్బాలో వేయకూడదు, అందరివీ అయ్యేదాకా. 120 కుటుంబాలైతే పది నెలలు. ఎవరైనా చీటీ మార్చమంటే కారణం అడగకుండా ఇంకో నెలకు జరపవచ్చు, కానీ తనకు నచ్చిన జట్టులో వేయమంటే కుదరదనాలి. తినకుండా వెళ్లిపోయినవాళ్లను ఎవరూ మాటనకండి. ఫాదర్ గారు వారంలో ఆ ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడితే చాలు. జట్టును మాత్రం మార్చొద్దు. అంతియొకయలో పేతురు అన్యజాతులవాళ్లతో కలిసి తింటూ, కొందరు రాగానే వెనక్కి తగ్గితే పౌలు ముఖంమీదే తప్పుబట్టాడు (గలతీయులకు 2వ అధ్యాయం). పంక్తిలోంచి లేచిపోవడాన్ని ఆయన సువార్తకే వ్యతిరేకమన్నాడు.

వంటకన్నా కష్టమైంది ఎంగిలి ఆకులు ఎత్తడం. భోజనాలయ్యాక ఆకులు ఎత్తేది ఎప్పుడూ ఒకే వాడవాళ్లు. ఎవరూ చెప్పరు, వాళ్లే లేస్తారు, తరతరాల అలవాటు. వాళ్లు లేవకముందే లేవాలి. మొదటి నెల ఫాదర్ గారు ఒక వరస, విచారణ పెద్ద ఒక వరస ఆకులు ఎత్తితే ఆ దృశ్యం చాలాకాలం పనిచేస్తుంది. పవిత్ర గురువారం పన్నెండుమంది పాదాలు కడిగేది ఏడాదికోసారి. కారుతున్న చట్నీతో, అంటుకున్న మెతుకులతో ఒక ఆకును మడిచి గంపలో వేయడం దానికి తక్కువేమీ కాదు. స్టీలు పళ్లేలు వాడితే మూడు టబ్బులు: ఒకదాన్లో సబ్బు, ఒకదాన్లో మంచినీళ్లు, చివరిదాన్లో చేయి పెట్టలేనంత వేడినీళ్లు. ఇంట్లో వంటా అంట్లూ ఎలాగూ ఆడవాళ్లవే. ఇక్కడ అంట్లు మగవాళ్లకు వదిలేయండి.

కూర్చోవడానికి చాపలు పరిచి ఎదురెదురు పంక్తులు వేయండి. బల్లలుంటే బల్లలు. గుడిలోపల వద్దు, వరండాలోనో చెట్టుకిందో షామియానా వేసుకుని. ఫాదర్ గారికి, సిస్టర్లకు, దాతలకు వేరే బల్ల, వేరే గిన్నె, ప్లాస్టిక్ కుర్చీ ఉండకూడదు. ఫాదర్ గారు నెలకో చోట పంక్తిలో కూర్చోవాలి, పీఠాధిపతి గారు వచ్చినా సరే. గుడి బయటికి వచ్చిన వరసలోనే కూర్చోబెడితే గుంపులు వాటంతటవే విడిపోతాయి. దీనికి వాకిట్లో ఉన్న ఇద్దరూ చురుగ్గా ఉండాలి. "రండమ్మా, ఇటు" అని చేయి చూపించి వరసగా పంపడమే వాళ్ల పని. ఈ వరసకు మినహాయింపు ఒకటే: పిల్లలు, ముసలివాళ్లు, వంట చేసినవాళ్లు మొదటి పంక్తిలో, పెద్దమనుషులు చివరి పంక్తిలో.

వడ్డన నేర్పాలి. మొదటి విడత అందరి ఆకుల్లో పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు, ప్రార్థన అప్పుడే, అరనిమిషంలో. మైకు వద్దు, ప్రకటనలు వద్దు. వడ్డన పంక్తి చివరి మనిషి దగ్గర మొదలవ్వాలి. అందరికన్నా ఆకలిగా ఉన్న మనిషి సాధారణంగా అక్కడే కూర్చుంటాడు. రెండో విడతకు "ఇంకొంచెం వేయమంటారా?" అని అడిగితే పేదవాడు మొహమాటంతో వద్దంటాడు, చెయ్యి ఆకు మీద అడ్డంపెడతాడు. ఆ చెయ్యిని ఆకు మీద నుంచి తీసేదాకా అక్కడే నిలబడి, అడగకుండా అర గరిటె వేయండి. మూడోసారి మాత్రం వేయకండి, పారేస్తే వాళ్లకే బాధ.

కొత్తవాళ్ల సంగతి. ఇప్పుడు చిన్న పట్నాల పూజల్లో కూడా ఒడిశా, ఝార్ఖండ్ నుంచి పనికొచ్చిన కుర్రాళ్లు, కేరళ నర్సింగ్ విద్యార్థినులు, హాస్టల్ పిల్లలు వెనక బెంచీల్లో కనపడతారు. పూజవగానే మాయమవుతారు. వాకిట్లో ఉన్న ఇద్దరిలో ఒకరికి కొంచెం హిందీ వస్తే ఎంతో మేలు. ప్రతి పంక్తిలో రెండు చోట్లు ఖాళీగా ఉంచి, కొత్తవాళ్లను ఆ చోట్లకు తీసుకెళ్లి పక్కవాళ్లకు పరిచయం చేయాలి, ఒంటరిగా చివర వదలకూడదు. వాళ్లను "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఏ పేట?" అని మాత్రం అడగకండి. అడిగేవాళ్లు మామూలుగానే అడుగుతారు, వినేవాళ్లకు అది కులం అడిగినట్టే తగులుతుంది. "మొదటి పూజకొచ్చారా, రెండోదానికా?", "కారం సరిపోయిందా?" ఇవి చాలు. వచ్చే నెల పేరు గుర్తుపెట్టుకుని పిలిస్తే అంతకన్నా ఆతిథ్యం లేదు. అతిథులందరినీ క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోవాలని పునీత బెనెదిక్తు తన మఠవాసుల నియమావళి 53వ అధ్యాయంలో రాశాడు. పేదలను, యాత్రికులను చేర్చుకునేటప్పుడు మరీ ఎక్కువ శ్రద్ధ పెట్టాలని, వాళ్లలోనే క్రీస్తు ఎక్కువగా కనపడతాడని అక్కడే చెప్పాడు.

హిందువులో ముస్లిములో ఇతర సంఘాలవాళ్లో వస్తే సంతోషంగా వడ్డించండి. ఆకు పక్కన కరపత్రం పెట్టకండి. అన్నం పెట్టి మతం మాట్లాడటం మన అన్నానికీ మన మతానికీ రెండింటికీ మచ్చ. కతోలిక పీఠాధిపతులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో మత స్వేచ్ఛ గురించి చేసిన ప్రకటన కూడా బలవంతం, ప్రలోభం వాసన ఉన్న పని ఏదీ కూడదనీ, పేదల విషయంలో మరీ కూడదనీ చెబుతుంది. పూజకు వచ్చిన అతిథులకు సత్ప్రసాదం సంగతి ముందే నెమ్మదిగా చెప్పాలి, వరసలో నిలబడ్డాక వెనక్కి పంపితే అవమానం. ఇక్కడే ప్రేమ విందు విలువ ఉంది. జ్ఞానస్నానానికి సిద్ధపడుతూ జ్ఞానోపదేశం పొందుతున్నవాళ్లు, వివాహ విషయంలో చిక్కులున్నవాళ్లు, ఇంకా ఏ కారణంచేతనైనా సత్ప్రసాదానికి వెళ్లలేక బెంచీలోనే కూర్చుండిపోయినవాళ్లు పది నిమిషాల తర్వాత ఈ పంక్తిలో అందరితో సమానంగా కూర్చుంటారు. ఇది సత్ప్రసాదం కాదు, దానికి బదులు కాదు. అయినా తూర్పు క్రైస్తవ సంఘాల్లో పూజ చివర ఆశీర్వదించిన రొట్టె పంచడం ఈనాటికీ ఉంది, ఫ్రాన్సు విచారణల్లో కూడా శతాబ్దాలపాటు నడిచింది.

రాలేనివాళ్లను మరిచిపోకండి. క్రీ.శ. 155 ప్రాంతంలో పునీత జస్టిన్ రోములో పూజ ఎలా జరిగేదో రాస్తూ, రానివాళ్లకు డీకన్లనే సేవకులు సత్ప్రసాదం తీసుకెళ్లేవారనీ, పోగైన కానుకలతో అనాథలనూ విధవలనూ రోగులనూ పరదేశులనూ ఆదుకునేవారనీ చెప్పాడు. మీ దగ్గర జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు సత్ప్రసాదం వెళ్తుంటే, వెనకే ఇంకో మనిషి క్యారేజీ పట్టుకెళ్లాలి. ఒకే మనిషి రెండూ పట్టుకెళ్లొద్దు, దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లేవాళ్లు దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా వెళ్లాలి. క్యారేజీలు వడ్డనకు ముందే కట్టాలి. చివర్లో కడితే అడుగున మిగిలింది వెళ్తుంది.

ఏడాదికి రెండు మూడుసార్లు, పాస్కా (ఈస్టరు) పండగకో క్రిస్మస్‌కో విచారణ పండగకో, మాంసంతో మధ్యాహ్న భోజనం పెట్టుకోండి. ఆ రోజు పూజే పదిన్నరకు పెడితే సరి. 150 మందికి బియ్యం 20 కిలోలు, ఎండలో పనిచేసే ఊరైతే 22. టమాటా పప్పుకు కందిపప్పు నాలుగున్నర కిలోలు, ఎముకతో కోడిమాంసం 23 కిలోలు, పెరుగు 15 లీటర్లు. కిలో మాంసానికి కారం 20 గ్రాములు, అల్లంవెల్లుల్లి ముద్ద 50 గ్రాములు చొప్పున. అన్నం పది కిలోలకు మించి ఒకే గుండిగలో వండకండి. గంజి వార్చాక కూడా లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది, పై బరువుకు అడుగు ముద్దవుతుంది. మాంసం ముందురోజు రాత్రి తేవద్దు, ఫ్రిజ్ లేని వంటశాలలో అది విషమే. 19 కిలోల సిలిండర్ ఒకటి పొయ్యికి, ఒకటి పక్కన. వండిన అన్నం మామూలు వేడిలో గంటలతరబడి ఉంటే దానిలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి సాయంత్రానికి మిగిలింది పంచిపెట్టడం దానం కాదు. మిగులుతుందని తెలియగానే, వేడిగా ఉన్నప్పుడే ఆకలిగా ఉన్నవాళ్లకు పంపేయండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఎవరైనా తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఇస్తామంటే తీసుకోండి, పూజలో వాళ్లకోసం ప్రార్థించండి, ఫ్లెక్సీ మాత్రం వద్దు. ఫలానా పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ సూత్రం. విందు డబ్బుతో గుడికి సున్నం వేయించకూడదు. వారంలోపు జమాఖర్చు నోటీసు బోర్డు మీద ఉండాలి. పాత్రలకు కూడా ఒక పుస్తకం పెట్టండి: గుండిగలు, గరిటెలు, తెడ్లు, బకెట్లు ఎన్ని తీసుకున్నారో ఎన్ని అప్పగించారో. మఠంలోని పాత్రలన్నిటినీ పీఠం మీది పవిత్ర పాత్రల్లాగే చూడాలని బెనెదిక్తు 31వ అధ్యాయంలో చెప్పాడు. వారం వంట దిగే సన్యాసి అన్నీ శుభ్రంచేసి లెక్కగా అప్పగించాలని 35లో చెప్పాడు. విందులు ఆగిపోవడానికి పోయిన గరిటెల మీద వచ్చిన తగాదా ఎన్నోచోట్ల కారణం.

చివరికి మీ విశ్వాసం సంగతి. తినేటప్పుడు ఏదో కదలాలని ఎదురుచూడకండి. ఎమ్మావు ఊరికి వెళ్తూ, లేచిన ప్రభువు పక్కనే నడిచినా గుర్తించని శిష్యులు, రొట్టె విరిచినప్పుడు ఆయనను గుర్తుపట్టారన్నది అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు వాళ్లు చేసిన పని చాలామంది దాటేస్తారు: ఎవరో తెలియని బాటసారిని, పొద్దుపోయింది, మాతో ఉండండని బలవంతపెట్టారు. బలవంతపెట్టకపోతే ఆ రొట్టె లేదు. ఇంట్లోకి వచ్చాక అతిథి అనుకున్నవాడే రొట్టె అందుకుని విరిచి వాళ్లకిచ్చాడు. మీరు ఇప్పటిదాకా నిర్వాహకులుగా నిలబడ్డారు, గేటు దగ్గర, లెక్కల దగ్గర. ఒక నెల ఆ పనులన్నీ వదిలేసి పంక్తి చివర కూర్చోండి. మీ ఇంటివాళ్లెప్పుడూ నీళ్లు తాగని ఇంటి మనిషి మీ ఆకులో వడ్డిస్తారు. ఏమీ మాట్లాడకుండా తినండి. తర్వాతి నెల మీరు ఆకులు ఎత్తండి. మీ ప్రశ్నకు నా సమాధానం ఈ రెండు పనులే. మిగతా నెలలు ఓపిక పట్టాలి.

ఒక ముందు జాగ్రత్త. మొదటి రెండు నెలలు జనం వస్తారు, మూడోనెల సన్నగిల్లుతారు, నాలుగోనెల నలభైమందే మిగలవచ్చు. పోయినసారి మీరు ఆపేసింది అక్కడే. ఈసారి ఆపకండి, బిర్యానీకి తిరిగి వెళ్లకండి. నలభైమందికి బియ్యం రెండున్నర కిలోలు, పెసరపప్పు ముప్పావు కిలో, నీళ్లు 14 లీటర్లు, నెయ్యి పావుకిలో. నలభైమందైతే ఒకే పంక్తి సరిపోతుంది, ఎవరి పేటవాళ్లతో వాళ్లు విడిగా కూర్చోవడానికి చోటు కూడా ఉండదు.